వెండిని బోర్లించి చదువుదాం

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాపలున్నాయి. ఇవాళ నేను చూపించబోయే గుర్తులు కందిగింజంత కూడా ఉండవు, దూరం నుంచి కనపడవు. కిటికీ పక్కన బల్ల వేయించింది కూడా అందుకే. వెండి మీద ముద్ర చూడాలంటే పక్కవాటుగా పడే పగటి వెలుతురే మంచిది.

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో తాకట్టు నగలు పరీక్షించే పని చేశాను. అప్రైజరు అంటారు. అంతకుముందు మా నాన్నగారి కుంపటి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నవాణ్ణి. మాది కంసాలి కుటుంబం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పెద్దబజారులో స్థిరపడి నాలుగు తరాలైంది. బ్యాంకులో రోజూ నా చేతికి వచ్చింది బంగారం. కానీ నా మనసంతా వెండి మీదే. బంగారాన్ని తరానికోసారి చెరిపి కొత్త మోస్తరు చేయించుకుంటారు కాబట్టి పాత పనితనం మిగలదు. వెండి చెంబు, చందనపు గిన్నె, పన్నీరు బుడ్డి అలా కాదు. ట్రంకుపెట్టె అడుగున, చిరిగిన పట్టుచీర ముక్కలో చుట్టి, మూడు తరాలు అలాగే ఉంటాయి. ఉండేవి. కిలో వెండి లక్ష దాటిన దగ్గర్నుంచి ఆ పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. తెరిచినవాళ్లు నేరుగా దుకాణానికి పట్టుకెళుతున్నారు. తూకం, తరుగు, డబ్బు. సాయంత్రానికి అది మూసలో ఉంటుంది. ఈ ప్రసంగం నేనే అడిగి పెట్టించుకున్నది ఆ బాధతోనే.

అమ్మొద్దని చెప్పడానికి రాలేదు. ఎవరి అవసరం వాళ్లది. పెళ్లిళ్లుంటాయి, ఆసుపత్రులుంటాయి. అమ్మే ముందు ఒక్కసారి ఆ గిన్నెను బోర్లించి చూడండి అంటున్నాను, అంతే.

ఇదిగో, ఈ చెంచా. పదిహేనేళ్ల కిందట మా వీధిలోనే ఒకాయన తెచ్చి చూపించాడు. వాళ్ల తాతగారు ఛత్రపురంలో కలెక్టరు కచేరీలో పనిచేశారట. ఒక దొర బదిలీ అయి వెళ్లిపోతూ సామాను వేలం వేస్తే ఆయన ఆరు చెంచాలు కొన్నారట. "బాబూ, ఇది మంచి వెండేనా? అయిదు నిన్న ఇచ్చేశాం, దీన్ని పిల్లాడు ఆడుకోడానికి పట్టుకుపోతే మిగిలింది" అన్నాడు. నేను వెంటనే ఆయన్ని సైకిలు మీద ఎక్కించుకుని ఆ దుకాణానికి వెళ్లాను. అప్పటికే కడ్డీ పోసేశారు. కొట్టువాడి తప్పేమీ లేదు, అతను తూకానికి కొన్నాడు, సరైన ధరే ఇచ్చాడు. ఆ కడ్డీ చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ ఒక్కదాన్ని ఆయన నాకే ఇచ్చాడు.

దీని పిడి వెనక చూడండి, ఇలా అందరికీ తిప్పండి. అయిదు ముద్రలు వరసగా ఉన్నాయి. ముందుగా ఒక మాట. మనవాళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటారు కదా, అమ్మ పేరు, పెళ్లి తేదీ. అది ఉలితో చుక్కలు చుక్కలుగా చెక్కినది. అది సొంతదారు గుర్తు. చేసినవాడి ముద్ర వేరు. ఉక్కు అచ్చు మీద అక్షరాన్ని అద్దంలో కనపడేటట్టు తిరగేసి చెక్కుతారు, వెండి మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. చుట్టూ చిన్న గూడు లోపలికి దిగుతుంది, గూట్లో అక్షరం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. వేలితో తడిమితేనే తేడా తెలిసిపోతుంది. గాడి తగిలితే ఇంటివాళ్ల పేరు. గూట్లో బొడిపె తగిలితే ముద్ర.

ఈ అయిదింటిలో ఒకటి ఇంగ్లీషు అక్షరాలు రెండు, జి, ఎ. రెండోది నడుస్తున్న సింహం, ముందు కాలు ఒకటి పైకెత్తి ఉంటుంది. మూడోది చిరుతపులి తల, ఎదురుగా మనల్నే చూస్తుంటుంది. నాలుగోది పెద్దబడి సి అక్షరం. అయిదోది ఒక స్త్రీ తల, ముఖం ఎడమవైపు తిరిగి ఉంది.

సింహం ఉందంటే వెండి వెయ్యి పాళ్లలో 925 పాళ్లు. స్టెర్లింగ్ అంటారు. ఇంగ్లాండులో 1544 నుంచీ ఈ సింహాన్ని కొడుతున్నారు. చిరుతపులి తల లండన్ గుర్తు, అంటే ఈ చెంచాను లండన్‌లో పరీక్ష చేశారు. అదే బర్మింగ్‌హామ్ అయితే లంగరు ఉంటుంది, షెఫీల్డ్ అయితే 1974 దాకా కిరీటం, ఎడిన్‌బరో అయితే కోట. బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు, లంగరెందుకని నన్ను చాలామంది అడిగారు. 1773లో బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ రెండు ఊళ్లకూ పరీక్షా కార్యాలయాలు మంజూరయ్యాయి. ఆ పని కోసం లండన్ వెళ్లినవాళ్లు దిగిన సత్రం పేరు కిరీటము, లంగరు. దాంట్లోంచి తలా ఒక గుర్తు పంచుకున్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది కథగానే వినండి. 1773 మాత్రం నిజం.

ఇక ఆ సి అక్షరం. లండన్‌లో ఏటా ఒక అక్షరం మారుస్తారు. పాత పద్ధతిలో ఎ నుంచి యు దాకా, మధ్యలో జె వదిలేసి, మొత్తం ఇరవై అక్షరాలు, అంటే ఇరవై ఏళ్లు. ఆ వరస అయిపోతే అక్షరం ఆకారం మార్చి మళ్లీ ఎ నుంచి మొదలుపెట్టేవారు. మన ప్రభవ, విభవ లాగే ఇదీ తిరిగొస్తుంది. తిరిగొచ్చేదానితో చిక్కేమిటో మనకు బాగా తెలుసు. మా నానమ్మ ఫలానా ప్రమాది నామ సంవత్సరంలో పుట్టింది అంటే, ఏ ప్రమాది అని అడగాలి కదా. ఇదీ అంతే. ఇలాంటి ఆకారంలోనే పెద్దబడి సి 1798లో వచ్చింది, 1878లో వచ్చింది, 1938లోనూ వచ్చింది. మరి ఈ చెంచా ఎప్పటిది?

ఇప్పుడు మిగతా ముద్రలు సాక్ష్యం చెబుతాయి. తల బొమ్మ పన్ను ముద్ర. వెండి మీద సుంకం కట్టారనడానికి రాజు తలో రాణి తలో కొట్టేవారు. అది 1784లో మొదలై 1890లో ఆగిపోయింది. కాబట్టి 1938 కుదరదు. 1798 అయితే అక్కడ మూడో జార్జి రాజు ముఖం కుడివైపుకు ఉండాలి. ఇక్కడున్నది విక్టోరియా రాణి. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. 1821 దాకా లండన్ చిరుతపులికి నెత్తిన కిరీటం ఉండేది, తర్వాత తీసేశారు. ఈ చిరుతకు కిరీటం లేదు. కాబట్టి 1878. అప్పట్లో అక్షరం మారేది జనవరిలో కాదు, మే నెలలో. అందుకే 1878 మే నుంచి 1879 మే లోపల అనాలి. ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఏడాది చెప్పేసేవాడి మాట నమ్మకండి. అయిదింటినీ ఒకదాంతో ఒకటి కలిపి చదవాలి.

మిగిలింది జి, ఎ. అసలు నాకు ప్రాణమైన ముద్ర అదే. జార్జి విలియం ఆడమ్స్ అనే ఆయనది. చానర్ అండ్ కంపెనీ అనే చెంచాల కార్ఖానాను 1840 నుంచి 1883 దాకా నడిపాడు. చెంచాలు, ముళ్లచెంచాలు చేయడంలో లండన్‌లో అంత పేరున్నవాళ్లు తక్కువ. మరి ఈ చెంచాను ఆయనే స్వయంగా సుత్తి పట్టి కొట్టాడా? కాదు. ముద్ర ఎవరిదో బాధ్యత వాళ్లది. వెండిలో మోసం ఉంటే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి ఆ ముద్ర పెట్టారు. 1363లోనే అక్కడ రాజశాసనం వచ్చింది, ప్రతి పనివాడూ తన గుర్తు తాను వేయాలని. చదువు రానివాళ్లు చేపనో, పువ్వునో, కుండనో గుర్తుగా పెట్టుకునేవాళ్లు. 1478 నుంచి సరుకును లండన్ కంసాలుల సంఘం భవనానికి తెచ్చి పరీక్ష చేయించాల్సి వచ్చింది. ఆ భవనాన్ని హాలు అంటారు కాబట్టి అది హాల్‌మార్కు అయింది. ఇవాళ మన బజారులో అందరి నోటా వినపడే మాట అక్కడ పుట్టింది.

ఒక స్త్రీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. హెస్టర్ బేట్‌మన్. భర్త 1760లో పోయాడు. 1761లో ఆవిడ తన పేర హెచ్, బి అనే రెండక్షరాలను గొలుసుకట్టుగా చెక్కించి ముద్ర నమోదు చేయించుకుంది. కొడుకులను పక్కన పెట్టుకుని 1790 దాకా కార్ఖానా నడిపింది. టీ పాత్రలు, చెంచాలు, అంచుకు సన్నటి పూసల వరస ఉన్న పళ్లాలు చేయించింది. మన ఇళ్లల్లో మగవాడు పోతే కుంపటి చల్లారిపోయేది. మా పెదనాన్నగారు పోయినప్పుడు మా పెద్దమ్మ పనిముట్లన్నీ మూటకట్టి మా నాన్నకు ఇచ్చేసింది. ఆవిడకు తీగ లాగడం వచ్చు, టంకం పెట్టడం వచ్చు, మా నాన్న కంటే నున్నగా మెరుగుపెట్టేది. ఆవిడ పేరు ఏ గిన్నె మీదా లేదు. హెచ్.బి. ముద్ర చూసినప్పుడల్లా నాకు మా పెద్దమ్మ చేతులు గుర్తొస్తాయి.

సరే, మన దేశానికి వద్దాం. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ రాజ్యం చేసినన్నాళ్లూ వెండి పరీక్షించి ముద్ర కొట్టే కార్యాలయం ఒక్కటీ పెట్టలేదు. ముద్ర తప్పనిసరన్న చట్టమూ లేదు. కాబట్టి ఇక్కడి దొరల దుకాణాలు తమకు తోచిన ముద్రలు వేసుకున్నాయి. కలకత్తా హామిల్టన్ కంపెనీవాళ్లు తమ అక్షరాల పక్కన ఏనుగు బొమ్మ కొట్టేవారు. సింహం ఉండే చోట ఏనుగు. లండన్ వరస అలవాటైన దొరకు నమ్మకం కలగడానికి అలా చేశారు. ఆ ఏనుగుకు చట్టపరంగా విలువేమీ లేదు, కానీ హామిల్టన్ సరుకని గుర్తుపట్టడానికి మనకది చాలా అక్కరకొస్తుంది. కచ్‌లో భుజ్ ఊళ్లో ఊమర్సీ మావ్జీ అనే గొప్ప పనివాడు ఉండేవాడు, కచ్ మహారావుగారి ఆస్థాన కంసాలి. ఆయన ఓ, ఎం అని తన అక్షరాలు, భుజ్ అని ఊరి పేరు వేసేవాడు. ఆ లతల పని మధ్యలో వేటకుక్క, లేడి, పులి దాక్కుని ఉంటాయి. మన దేశపు పనివాడు తన సొంత పేరు ముద్రగా వేసుకుని ప్రపంచమంతా గుర్తింపు తెచ్చుకున్నవాళ్లలో ఆయన్ని ముందు చెప్పాలి.

మన జిల్లాకు దగ్గరైనది మద్రాసు. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. మన జమీందార్లకు, వకీళ్లకు పని పడితే మద్రాసు రైలెక్కేవారు. అక్కడ మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ ఉండేది. 1849లో పెట్టింది. పీటర్ ఓర్ వాచీల మనిషి, కానీ ఆ దుకాణం వెండి పనికీ పేరు తెచ్చుకుంది. స్వామి వెండి అని ఒక పని ఉంది. గుడి గోపురం మీద బొమ్మల్లా టీ పాత్ర చుట్టూ దేవుళ్లు వరసగా కొలువై ఉంటారు. లోపలి నుంచి కొట్టి బయటికి ఉబ్బించిన పని. దాని అడుగున ఓర్ పేరు పూర్తి అక్షరాలతో ఉంటుంది.

దీని దగ్గర కొంచెం ఆగుతాను. ఆ పాత్ర మీద నరసింహస్వామిని అలా నిలబెట్టినవాడు పీటర్ ఓర్ కాదు. దక్షిణాది కంసాలి. స్వామి చేతుల్లో ఏ ఆయుధం ఏ వైపు ఉండాలో పుస్తకం చూడకుండా తెలిసినవాడు. ఆ పనిలో ఒక రహస్యం ఉంది. లోపల లక్క నింపి, పైనుంచి సన్న ఉలులతో ముఖం తీరుస్తారు. కన్ను, ముక్కు తీర్చడానికి మూడు నాలుగు దెబ్బలకు మించి అవకాశం ఉండదు, ఎక్కువైతే రేకు చిరుగుతుంది. కాబట్టి ప్రతి పనివాడికీ కన్ను తీర్చే తీరు ఒకటి చేతిలో స్థిరపడిపోతుంది. మా నాన్న ఇద్దరు పనివాళ్లు చేసిన లక్ష్మీదేవులను పక్కపక్కన పెట్టి, "ఇది ఫలానావాడి కన్ను" అనేవారు. అడుగున ముద్ర ఓర్‌ది. పైన కన్ను మనవాడిది. రెండింటినీ చదవండి. మొదటిది చెప్పడానికి పుస్తకాలున్నాయి. రెండోది చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మరి మన ఇళ్లల్లో నూటికి తొంభై సామానుకు ఏ ముద్రా ఉండదు కదా అంటారు. నిజమే. ఇంటి కంసాలికి ముద్రతో పనేముంది? ఆయన ఇంటికొచ్చి వీధి అరుగు మీద కుంపటి పెట్టుకుని, ఇంటావిడ కళ్ల ముందు ఇంట్లోని వెండి రూపాయలే కరిగించి చెంబు చేసేవాడు. తేడా వస్తే అడగడానికి ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. అలాంటి చెంబుకు తూకమే సంతకం. మా మేనత్త పెళ్లి కాగితంలో "నలభై రూపాయల ఎత్తు వెండి చెంబు" అని ఉంది. 1835 తర్వాతి వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, 11.66 గ్రాములు. నలభై అంటే 466 గ్రాములు. ఆ చెంబు ఇప్పుడూ మా ఇంట్లో ఉంది. నేను తూచాను, 462 గ్రాములు వచ్చింది. డెబ్బై ఏళ్ల చింతపండు తోముడుకు నాలుగు గ్రాములు పోయాయి. రూపాయిలో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి, వెయ్యికి 916 చిల్లర. గీటురాయి మీద ఆ చెంబు గీతనూ పాత రూపాయి గీతనూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించారు, 1947లో నికెల్ చేసేశారు. కాబట్టి మీ ఇంటి పాత పెళ్లి జాబితాలు ఉంటే పారేయకండి. ముద్ర లేని గిన్నెకు అదే ఆధారం.

కటకం తారకసి పనికి కూడా ముద్ర కోసం వెతక్కండి. అది సన్న తీగ అల్లిక. ముద్ర కొట్టడానికి అక్కడ చోటెక్కడిది, కొడితే నలిగిపోతుంది. తీగ మెలిక, చట్రం, అతుకు చూసి చెప్పాలి. మన తెలుగువాళ్ల కరీంనగర్ పనితో పక్కన పెట్టి చూడాల్సిన విషయం అది. దానికి ఇంకో ఆదివారం కావాలి.

ఇప్పుడు రంగం గిన్నె, అంటే రంగూన్ నుంచి వచ్చిన గిన్నె. మన జిల్లాలో దీన్ని మించిన వస్తువు లేదని నా అభిప్రాయం. గోపాలపురం రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లని ఊరు మన వైపు ఉందా? పొట్ట చేత పట్టుకుని వెళ్లినవాళ్లు కొందరు తిరిగొస్తూ ఒక వెండి గిన్నె తెచ్చుకున్నారు. ఇదిగో, ఇది మా మేనత్త మామగారిది. చుట్టూ బుద్ధుడి జాతక కథలు, మనుషులు, ఏనుగులు, చెట్లు, వేలంత ఎత్తున ఉబ్బి ఉన్నాయి. అక్కడి బౌద్ధ భిక్షువుల బిచ్చపాత్ర ఆకారం ఇది. పైన చెప్పిన ఏ వరసా దీనికి లేదు. బోర్లించండి. అడుగున నెమలి బొమ్మ గీసి ఉంది. బర్మా గిన్నెల అడుగున నెమలో, లేడో, ఏనుగో, సింహమో కనపడుతుంది. కొన్నిటికి అది పనివాడి గుర్తు, కొన్నిటికి వట్టి అలంకారం. కాబట్టి నెమలి కనపడగానే ఫలానావాడిదని తీర్పు చెప్పకూడదు. కానీ దీని అంచు కింద సన్నగా నాలుగు అంకెలున్నాయి. బర్మా అంకెలు మన తెలుగు అంకెలకు దగ్గర చుట్టాలు. ఒకటి, రెండు మన పాత పంచాంగాల్లో అంకెల్లానే గుండ్రంగా ఉంటాయి. నిదానంగా చూస్తే ఇది 1280. అది బర్మా శకం. దానికి 638 కలపాలి. 1918. వాళ్ల సంవత్సరాది ఏప్రిల్ మధ్యలో వస్తుంది. కాబట్టి 1918 ఏప్రిల్ నుంచి మరుసటి ఏప్రిల్ దాకా.

1942 మార్చిలో రంగూన్ జపానువాళ్ల చేతికి పోయింది. ఆ ముందూ వెనకా మనవాళ్లు అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చారు. మా మేనత్త మామగారు అన్నీ వదిలేసి ఈ గిన్నె ఒక్కటి బియ్యం మూటలో పెట్టుకుని వచ్చారని చెబుతారు. సొట్ట చూడండి, ఇక్కడ, ఏనుగు కాలు దగ్గర. దీన్ని సాపు చేయించమని ఇంట్లో చాలాసార్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు.

అక్కడ అమ్మాయి ఏదో అడుగుతోంది. ఆ... రిటర్న్ గిఫ్టుల జర్మన్ సిల్వర్‌లో ఎంత వెండి ఉంటుందనా? అసలు ఉండదమ్మా. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. పేరులోనే వెండి, ఒంట్లో లేదు. మంచి ప్రశ్న వేశావు, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది దీనికి చుట్టమైన ఇంకో ముద్ర దగ్గర. ఇ, పి, ఎన్, ఎస్ అని నాలుగు అక్షరాలు నాలుగు చిన్న గూళ్లలో ఉంటాయి. దూరం నుంచి లండన్ ముద్రల వరసలానే కనపడుతుంది. ఇదే జర్మన్ సిల్వర్ మీద కరెంటుతో వేసిన వెండి పూత అది. ఎల్కింగ్టన్ కంపెనీవాళ్లు 1840లో ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఇదిగో ముళ్లచెంచా, పిడి మీద బి.ఎన్.ఆర్. అని ఉంది, బెంగాల్ నాగపూర్ రైల్వే. అది సొంతదారు గుర్తు. వెనక ఇ.పి.ఎన్.ఎస్. ముళ్ల చివర చూడండి, పూత అరిగి పసుపు జీర కనపడుతోంది. కరిగిస్తే దీనికి విలువ లేదు. కానీ మన స్టేషన్ మీదుగా పోయిన బండిలో ఎవరో దీంతో భోజనం చేశారు. నాకది చాలు, దాచుకున్నాను.

దొంగ ముద్రల సంగతి కూడా చెప్పాలి. అసలు చెంచాను మట్టిలో అచ్చు తీసి పోత పోస్తే ముద్రలతో సహా దిగుతుంది. ఎలా పట్టుకోవాలి? ఆరు చెంచాల జత ఉంటే ఆరింటినీ వరసగా పెట్టండి. చేత్తో కొట్టిన ముద్రలు ఏ రెండింటి మీదా ఒకే చోట పడవు, ఒకటి వంకరగా, ఒకటి కొంచెం దూరంగా పడతాయి. ఆరింటి మీదా సింహం తోక వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే ఉంటే అది పోత. ఇంకో మోసం, చిన్న వస్తువు మీది అసలు ముద్రల ముక్కను కోసి పెద్ద పాత్ర అడుగున టంకం పెట్టి అతికిస్తారు. ముద్రల మీద నోటి ఆవిరి ఊదండి. ఆవిరి ఆరేటప్పుడు అతుకు గీత చుట్టూ ఒక క్షణం కనపడి మాయమవుతుంది. మా నాన్న ఈ పని ఎంత సహజంగా చేసేవారంటే, ఎదుటివాడికి ఆయన నిట్టూర్చారనే అనిపించేది.

ఇంట్లో మీరేం చేయాలి? తోమకండి, అది మొదటి మాట. విభూదీ చింతపండూ పళ్లపొడీ మొత్తం గిన్నెకు సరే, ముద్ర ఉన్న చోట మాత్రం వద్దు. నల్లగా ఉన్నా ఉండనివ్వండి, ఆ నలుపు వల్లే అక్షరం కనపడుతుంది. అరిగిపోయి చదవడానికి రాకపోతే దీపం మసి పలచగా పట్టించి, దాని మీద సెల్లోటేపు అంటించి ఎత్తి, తెల్లకాగితం మీద అతికించండి. కంటికి ఆనని అక్షరం కాగితం మీద తేలుతుంది. ఫోనుతో ఫోటో తీస్తే వెలుతురు ఒక పక్క నుంచే పడాలి, ఫ్లాషు వేస్తే అన్నీ తెల్లబోతాయి. ఆ తర్వాత ఒక చీటీ రాసి గిన్నెలో పెట్టండి. ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు. తెలుగులోనే రాయండి. మన పిల్లలకు చదవడం రాకపోతే ఒడియాలో కూడా రాయండి.

ఇప్పుడు కొనే వెండికి బి.ఐ.ఎస్., అంటే మన దేశపు ప్రమాణాల సంస్థ, వేయించే హాల్‌మార్కు 2005 నుంచి ఉంది, 2025 సెప్టెంబరు నుంచి బంగారానికి ఉన్నట్టే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే సంఖ్య కూడా వచ్చింది. కొనేవాళ్లు అడిగి తీసుకోండి. నాకొక్కటే కొరత. ఆ సంఖ్యను ఫోనులో కొడితే నగల వ్యాపారి వివరాలు వస్తాయి, పరీక్షించిన కేంద్రం వస్తుంది. సుత్తి పట్టినవాడి పేరు అందులోనూ రాదు.

సరే, ఇక మీ మూటలు విప్పండి. మూడో వరసలో పెద్దావిడ చాలాసేపటి నుంచి ఒడిలో ఒకటి పెట్టుకుని కూర్చున్నారు. రండమ్మా, ఇలా కిటికీ దగ్గరికి. పన్నీరు బుడ్డి... అబ్బ, మెడ ఎంత సన్నగా లాగాడు. ఎవరు తెచ్చారమ్మా ఇది? మీ అత్తగారి పుట్టింటిదా, పర్లాకిమిడి నుంచా. తోమలేదు కదా? మంచిపని చేశారు. బాబూ, ఆ భూతద్దం ఇలా ఇవ్వు. అడుగున పీఠం అంచు లోపల, ఇక్కడ, చిన్న గూడు ఒకటి ఉంది. గూట్లో ఉబ్బెత్తుగానే ఉన్నాయి, ముద్రే. రెండక్షరాలు. ఇంగ్లీషు కాదు. కొంచెం ఇటు తిప్పండి, వెలుతురు పడనివ్వండి... మొదటిది తలకట్టు ఉన్నట్టుంది. తెలుగమ్మా ఇది. తెలుగక్షరాలు. కాస్త మసి పట్టుకురండి ఎవరైనా.